సాంఖ్యక శాస్త్రానికి చివరి బెంచీ ఎందుకు?

సంపాదకులకు,

తెలంగాణ పదో తరగతి గణితంలో రేఖీయ సమీకరణాల జత నాలుగో అధ్యాయం. సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) పద్నాలుగోది, చిట్టచివరిది. అక్కడికి చేరేసరికి రివిజన్ హడావుడి మొదలై, పిల్లలకు సోపాన విచలన సూత్రం (సగటును తేలిగ్గా కట్టే పద్ధతి), దానికోసం నింపే పట్టిక తప్ప ఇంకేమీ దక్కదు. ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చెప్పవచ్చు. మూడు పీరియడ్లు, ఒక టేపు, గ్రాఫు కాగితాలు చాలు.

తరగతిలో నలభై మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరి మూర, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి చీటీ మీద రాయించాలి. పేర్లు వద్దు, పొట్టి పిల్లలను ఏడిపిస్తారు. మూరల వరుసలో చీటీలు పేర్చి, చిన్నవి 20, పెద్దవి 20గా విడదీసి, రెండు గుంపులకూ సగటు కట్టాలి. ఉదాహరణకు మొదటి గుంపు సగటు మూర 40, ఎత్తు 148. రెండో గుంపుకు 44, 162 వచ్చాయనుకోండి. ఎత్తు = క × మూర + ఖ అనుకుంటే 40క + ఖ = 148, 44క + ఖ = 162. ఇది అచ్చం నాలుగో అధ్యాయం లెక్కే! తీసివేస్తే క = 3.5, ఖ = 8. గ్రాఫు కాగితం మీద ఇదొక తిన్నని గీత.

తర్వాత ప్రతి చీటీకీ అసలు ఎత్తులోంచి గీత చెప్పిన ఎత్తు తీసేయాలి. మూర 42 అయితే గీత చెప్పేది 155. పిల్లవాడి ఎత్తు 160 అయితే తేడా +5. ఈ తేడాల మొత్తం ఏ గుంపుకు ఆ గుంపులో సున్నా రావాలి. రాకపోతే కూడికలో తప్పుందన్నమాట. మూర సున్నా అయితే ఎత్తు 8 సెంటీమీటర్లా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. కొలిచిన హద్దులు దాటాక ఆ గీతను నమ్మకూడదని చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

తేడా కొట్టేది ఎక్కువగా కొలతల దగ్గరే. కొందరు మోచేతి ఎముక కొస నుంచి, కొందరు లోపలి మడత నుంచి కొలుస్తారు. టేపు రెండో వైపు చూసి ఒకరు 40 బదులు 15.75 అంగుళాలు వేశారా, ఆ గుంపు సగటు మూర దాదాపు 38.8కి జారుతుంది, 3.5 రావాల్సిన క 2.7కు పడిపోతుంది. ఆ గుంపు మధ్యగతం, అంటే వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యన వచ్చే విలువ, మాత్రం పెద్దగా కదలదు. మధ్యగతం ఎందుకు నేర్చుకోవాలో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

కరెంటు బిల్లులతో మొదలుపెట్టకపోవడం మేలు. గృహజ్యోతి ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాల్సిందే. పైగా శ్లాబులు. ఒక్క గీతకు లొంగవు. తొమ్మిదిలోనో పదిలోనో చురుకైన పిల్లలకు ఆ గ్రాఫు తర్వాత ఇవ్వవచ్చు.

పుస్తకం తిరిగి అచ్చువేయక్కర్లేదు. సగటు, మధ్యగతం పాఠాలను నాలుగో అధ్యాయం వెంటనే చెప్పేలా ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ) వార్షిక ప్రణాళికలో క్రమం మారిస్తే సరిపోతుంది. పబ్లిక్ పరీక్షలో ‘ఈ సమీకరణంలో 3.5 ఏం చెబుతోంది?’ అని రెండు మార్కుల ప్రశ్న వేస్తే, ఎవరూ పురమాయించకుండానే బడుల్లో ఈ పాఠం మొదలవుతుంది.

– గణిత ఉపాధ్యాయులు, హనుమకొండ జిల్లా