వాన హెచ్చరిక రోడ్డు దాకా రావాలి

సంపాదకుల వారికి,

తుపాను తీరం దాటిందనగానే టీవీల్లో హడావిడి సగం తగ్గిపోతుంది. తీరానికి దూరంగా వరంగల్ వైపు ఉండే మాకు అసలు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటింది. మర్నాడు వరంగల్, హనుమకొండల్లో కాలనీలు మునిగాయి. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు నీళ్ల కిందికి పోయి రైళ్లు ఆగాయి. సముద్రానికి నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊళ్లివి. నేల మీదికి వచ్చాక తుపాను గాలి జోరు తగ్గుతుంది గానీ, అది మోసుకొచ్చిన తేమ ఎక్కడో ఒకచోట కురవక తప్పదు.

వాతావరణ శాఖను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తున్నారు, మూడు గంటల ముందు సూచనలూ వస్తున్నాయి. కానీ జిల్లాకు ఆరెంజ్ అంటే బండి మీద నర్సంపేట నుంచి బయల్దేరేవాడికి ఏం అర్థం కావాలి? అతనికి కావాల్సింది దారిలో ఏ లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతున్నాయన్నది. అది చెప్పే దిక్కు లేదు. వాట్సాప్‌లో వచ్చే వీడియో ఈ ఏటిదో పోయినేటిదో కూడా తెలియదు.

పైగా వాగులకు జిల్లాల హద్దులు పట్టవు. పాత వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలు. ఆకేరు వాగు వరంగల్ వైపు వాన నీళ్లను మోసుకుని మహబూబాబాద్ మీదుగా ఖమ్మం జిల్లాలో మున్నేరులో కలుస్తుంది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఈ ఆకేరే వంతెన మీదుగా పొంగింది. అదే రోజు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. ఎగువన పడిన వాన కింది రోడ్డును ముంచడానికి కొన్ని గంటలు పడుతుంది. మనకు దొరికే సమయం ఆ కొన్ని గంటలే.

కొత్తగా కొనాల్సిందేమీ పెద్దగా లేదు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ పెట్టిన ఆటోమేటిక్ వర్షమాపకాలు మండలాల్లో ఉన్నాయి. ఏ కల్వర్టు ఎప్పుడు మునుగుతుందో ఆర్అండ్‌బీ, పంచాయతీరాజ్ ఇంజినీర్లకు తెలుసు. వాళ్లకంటే బాగా ఆర్టీసీ డ్రైవర్లకు తెలుసు (ముందు వాళ్లనే అడగాలి). ప్రతి లోలెవల్ వంతెనకు ఎగువనున్న వర్షమాపకం ఏదో గుర్తించి, అక్కడ వాన ఒక హద్దు దాటగానే కింది మండలం పోలీసులకు, బస్ డిపోకు, ఆ ఊరి ఫోన్లకు మెసేజ్ వెళ్లేలా చేస్తే చాలు. జిల్లా మారినా ఆ మెసేజ్ ఆగకూడదు. రాత్రి పూట వంతెనకు రెండు వైపులా బారికేడ్, లైటు, ఒక మనిషి ఉండాలి. ముళ్లకంప అడ్డం పెట్టి వెళ్లిపోతే చీకట్లో ఎవరికీ కనిపించదు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టేయగలదు.

మీ జిల్లా ఎడిషన్‌కు కూడా ఒక విన్నపం. వానల రోజుల్లో ఎక్కడ ఎన్ని సెంటీమీటర్లు కురిసిందో వేస్తున్నారు. దాని పక్కనే మూసిన రోడ్లు, ప్రత్యామ్నాయ దారుల పట్టిక కూడా వేయండి. వచ్చే అక్టోబర్ లోపు మొదలుపెడితే మేలు.

— ఒక పాఠకుడు, హనుమకొండ