సీసాల ముచ్చట

మర్రిగూడ,
ఆదివారం.

బిడ్డా,

ఆశీస్సులు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారు ఎంబీబీఎస్ విద్యార్థులకు ఇచ్చే రెండు నెలల పరిశోధనకు దరఖాస్తు చేస్తున్నానని, మన మండలంలోని ఫ్లోరోసిస్‌నే, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బునే తీసుకుంటానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసు నిండుగా ఉంది. అయితే, "ఏట్‌కామ్ క్లాసుల్లో రోగితో మాట్లాడటం నేర్పుతున్నారు, అదేం చదువమ్మా" అని కూడా అన్నావు. దానికి జవాబుగానే ఈ ఉత్తరం.

నేను ఏఎన్ఎంగా ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక బృందం సర్వేకు వస్తే, ఇంటింటికీ నేనే తిప్పాను. పెద్దవాళ్లను నిలబెట్టి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోమన్నారు, గడ్డం ఛాతీకి ఆనించమన్నారు, చేతులు తల వెనక్కి పెట్టమన్నారు. ఒక ముసలమ్మ నడుము సగం కూడా వంగలేదు. "ఎందుకు బిడ్డా ఇదంతా?" అని ఆమె అడిగితే ఎవరూ పలకలేదు, కాగితం చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయించుకుని, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకుని వెళ్లిపోయారు. చనిపోయేదాకా ఆమె నేను కనబడితే చాలు, "ఆ సీసాల ముచ్చట ఏమైంది?" అని అడిగేది. చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

2019లో పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు వైఖరి, నైతికత, సంభాషణ అనే ఈ ఏట్‌కామ్ భాగాన్ని చేర్చారంటే నాకు సంతోషంగా ఉంది. నల్లగొండ పద్ధతినే చూడు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే ఉపాయం కనిపెట్టి దానికి మన జిల్లా పేరు పెట్టారు. శాస్త్రం సరైనదే, కానీ ఇంట్లో రోజూ పటిక కొలిచి, కలిపి, మడ్డి దిగేదాకా ఆగాల్సింది ఆడవాళ్లు. వాళ్లను అడగకుండా ఆ పని ఎంత కష్టమో ప్రయోగశాలలో ఎలా తెలుస్తుంది?

కొలతల విషయంలో మాత్రం నిన్ను గట్టిగా హెచ్చరిస్తున్నాను. బీపీ రిజిస్టర్లు తిరగేస్తే 120/80, 130/80, మళ్లీ 120/80 అని పేజీలకు పేజీలు కనిపిస్తాయి. ఒక్క 126 ఉండదు, అంటే కొలవకుండా అందాజాగా రాసినవే ఎక్కువ. కొలవనిది రాయకు, గడి ఖాళీగానే ఉండనివ్వు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు కదా, 1.4 వచ్చిన సీసాకు 1.4 అనే రాయి, నీ వాదానికి అది అడ్డొచ్చినా సరే.

ప్రశ్న కూడా చిన్నదే ఎంచుకో. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నా బోరు నీళ్లే తాగుతున్న ఇళ్లు ఏవి, ఎందుకు తాగుతున్నారు అన్నది రెండు నెలలకు సరిపోతుంది.

ప్రశ్నల కాగితం, సమ్మతి పత్రం మన మాటల్లో రాసి తీసుకురా. ముందు నాకు చదివి వినిపించు. నాకు అర్థం కాని చోట మార్చుదాం. తర్వాత ఆ ముసలమ్మ కోడలి ఇంటికే మొదట పోదాం. ఫలితం వచ్చాక చెప్పడానికి ఏ రోజు మళ్లీ వస్తావో ఆమెకు అప్పుడే చెప్పాలి.

ఇట్లు,
అమ్మ