పైలట్ డ్యూటీ మొదలయ్యేది ఇంటి గుమ్మం దగ్గరా, ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గరా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, పైలట్లకి లక్షల్లో జీతాలు, ఎక్కడికెళ్ళాలన్నా ఫ్లైట్ ఫ్రీ, ఇంకా రెస్ట్ చాలట్లేదని గోలేంటి అని. పైలట్లకి రెస్ట్ పెంచిన కొత్త రూల్స్ వచ్చాక 2025 డిసెంబర్‌లో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో క్యాన్సిలై జనం ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల పక్కనే పడుకున్నారే, అప్పట్నుంచి ఈ మాట చాలామంది నోట వింటున్నా. కోపం రావడం న్యాయమే. కానీ అది పోయి పోయి పైలట్ల మీద పడటం నాకు నచ్చలేదు, అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదైంది, కట్ చేయకుండా వేస్తే సంతోషం.

నేనుండేది యలహంకలో, సొంతూరు హిందూపురం వైపు. మా పై పోర్షన్ అద్దెకుండేది పైలట్లే, నలుగురైదుగురు కలిసి తీసుకున్నారు గానీ ఒక రోజు ఇద్దరికి మించి కనపడరు. కిటికీలకి నల్లటి కర్టెన్లు, కాలింగ్ బెల్ వైరు పీకేసి పెట్టారు, కొరియర్ వాడికి గ్యాస్ వాడికి అందరికీ కింద మా ఇంట్లోనే ఇవ్వమని చెప్పాం. వాళ్ళకి పట్టపగలే అర్ధరాత్రి కాబట్టి మధ్యాహ్నం మిక్సీ వేయాలన్నా మా ఆవిడ ముందు మెట్ల దగ్గర చెప్పులున్నాయా లేవా చూసుకుని వేస్తుంది. వీళ్ళెవరిదీ బెంగళూరు కాదు. బేస్, అంటే కంపెనీ డ్యూటీ మొదలెట్టమన్న ఊరు, ఇక్కడ, ఇల్లు ఇంకో ఊళ్ళో. కెప్టెన్ గారిది హైదరాబాద్, కొంపల్లి. ఒకబ్బాయిది కర్నూలు, ఒకబ్బాయిది అనంతపురం, ఇద్దరూ కోపైలట్లు.

పైలట్ కదా ఫ్లైట్లో వచ్చేస్తాడు, వాడికేం అనుకుంటాం. స్టాఫ్ టికెట్ అంటే ఏంటో తెలిస్తే ఆ మాట అనం. డబ్బు కట్టినోళ్ళందరూ ఎక్కాక సీటు మిగిలితేనే ఇస్తారు, లేదంటే కెప్టెన్ ఒప్పుకుంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనకుండే అదనపు సీటు, జంప్ సీటు అంటారు, అది కూడా ఇంకొకరు ముందే అడిగి ఉంటే లేదు. ఆదివారం సాయంత్రం హైదరాబాద్ నుంచి బెంగళూరుకి సీటు మిగలడం చూశారా ఎప్పుడైనా? సంక్రాంతికి, దసరాకి అయితే అసలు అడగొద్దు. గాల్లో ఉండేది గంటా పావు, దానికోసం కొంపల్లి నుంచి ఔటర్ మీద శంషాబాద్, అక్కడ గేటు దగ్గర పేరు పిలుస్తారా లేదా అని నిలబడటం, మొదటి ఫ్లైట్ ఫుల్, రెండోది ఫుల్, మూడోది గంట లేటు, ఇలా ఒక పూట అంతా పోతుంది. తెల్లారి ఆరింటి ఫ్లైట్ నడపాలంటే ఐదింటికల్లా బెంగళూరు ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళిలో రిపోర్ట్ చేయాలి, ఆ టైమ్‌కి అందించే ఫ్లైట్ హైదరాబాద్‌లో ఉండదు కాబట్టి ముందు రోజు రాత్రే రావాలి. ఆ రాత్రి సీటు దొరక్కపోతే 570 కిలోమీటర్ల రోడ్డు ఉంది, ఎనిమిది తొమ్మిది గంటలు, అలా వచ్చి నడపడం అయ్యే పని కాదు. అందుకే కెప్టెన్ గారు ఒక రోజు ముందే వచ్చేసి పైన పడుకుంటారు, అంటే ఆయన వారం సెలవులో ఒక రోజు మా మేడ మీదే కరిగిపోతుంది.

కర్నూలు అబ్బాయికి ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ ఉంది కదా, 2021లో మొదలైంది. ఉంది, కానీ గంటకో ఫ్లైట్ ఉండే చోటు కాదది, వాడి రోస్టర్ (డ్యూటీల పట్టిక) వేళకి అది కుదిరితే లాటరీ తగిలినట్టే. వాడు కారులోనే వస్తాడు.

అనంతపురం అబ్బాయి సంగతే నేను గట్టిగా చెప్పాలనుకున్నది. వాళ్ళింటి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి నలభై నాలుగో నంబర్ హైవే మీద ఒకటే దారి, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్ట్, బాగేపల్లి టోల్, చిక్కబళ్ళాపూర్, దేవనహళ్ళి. రాత్రి పూట అయితే రెండున్నర మూడు గంటలు. నవ్వొచ్చే విషయం ఏంటంటే సాయంత్రం పూట ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సిల్క్ బోర్డు, హెబ్బాళ దాటి ఎయిర్‌పోర్ట్ చేరేవాడికి కూడా ఇంచుమించు అంత టైమే పడుతుంది, వాడు బెంగళూరు లోకల్, వీడు బయటి ఊరు. కాబట్టి ఇన్ని కిలోమీటర్ల లోపలే ఇల్లుండాలి అని రూల్ పెడితే పనికిరాదు. నా లెక్కలో రావడం పెద్ద సమస్య కాదు, ముందు రోజు పగలు కారులో వచ్చి కడుపు నిండా తిని పడుకుంటే ఫ్లైట్ కోసం గేటు దగ్గర పడిగాపులు పడ్డవాడి కన్నా వీడే ఫ్రెష్‌గా ఉంటాడు. మూడు గంటల లోపు దూరం అయితే కారే మేలు అని నేనంటా, బండి మన చేతిలో ఉంటుంది, సీటుంటుందో లేదో అనే టెన్షన్ ఉండదు.

డ్యూటీ దిగి ఇంటికి పోవడం ఉంది చూశారూ, అదీ భయం. పొద్దున ఎనిమిదింటికి లేచాడనుకోండి, సాయంత్రం నాలుగింటికి రిపోర్టింగ్, మూడు నాలుగు సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక్కో ఫ్లైట్), మధ్యలో ఎక్కడో వాన, ఎక్కడో లేటు, దిగి కాగితాలు ముగించేసరికి రాత్రి ఒంటిగంట. అప్పటికి పదిహేడు గంటలు మెలకువ. పదిహేడు గంటలు నిద్ర లేకపోతే మనిషి రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా తడబడతాడని సైన్సు వాళ్ళు ఎప్పుడో 1997లోనే టెస్టులు పెట్టి తేల్చారు. మన దేశంలో బండి నడిపేవాడికి లిమిట్ 0.03. అంటే ఒక్క చుక్క తాగకుండానే లిమిట్ దాటేశాడు. విమానంలో పక్కన ఇంకో పైలట్ ఉంటాడు, ఆటోపైలట్ ఉంటుంది, రేడియోలో ఏటీసీ, అంటే కింద నుంచి దారి చెప్పే కంట్రోల్ వాళ్ళు, మాట్లాడుతూ ఉంటుంది. కారులో? ఒక్కడే, ఏసీ చల్లగా, రోడ్డు తిన్నగా, ఎదురుగా లారీ వెనక లైట్లు. పైగా డిసెంబర్ జనవరుల్లో తెల్లవారుజామున నంది కొండ చుట్టూ పొగమంచు కమ్ముతుంది, ఆ మంచుకే ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్లు లేటవుతాయి, కొన్నిసార్లు చెన్నైకి మళ్ళిస్తారు, అదే మంచులో వీడు చిక్కబళ్ళాపూర్ దాటాలి, వీణ్ణి మళ్ళించేవాడెవడూ లేడు.

ఒకసారి రాత్రి రెండు దాటాక గేటు చప్పుడైంది, చూస్తే ఈ అనంతపురం అబ్బాయే యూనిఫామ్ మీదే బ్యాగు డిక్కీలో పెడుతున్నాడు, పొద్దున ఊళ్ళో అక్క కూతురి చెవులు కుట్టడం ఉందంట. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. మా ఆవిడ కిందికి దిగి చెయ్యి చాపింది, "బీగాలు ఇట్లియ్యి నాయనా" అని. వాడు "లేదాంటీ, కాఫీ తాగినా, ఏం కాదు" అంటాడు. "విమానం నడిపేటోనివి నీకు చెప్పాల్నా, పండుకోని లేసి పో, చెవులేం పారిపోవులే" అని బీగాలు లాక్కుని కొంగుకు ముడేసుకుని లోపలికొచ్చేసింది. వాడు అలిగి పైకెళ్ళి పొద్దున తొమ్మిది దాకా లేవలేదు. ఏ కంపెనీ రోస్టర్లో, ఏ రూల్ బుక్కులో ఉందండీ ఈ బీగాలు లాక్కునే ఆవిడ?

రూల్స్ సంగతికొస్తే, విమానాల మీద పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ తెచ్చిన కొత్త రూల్స్ మంచివే. వారానికి ఏకబిగిన రెస్ట్ 36 గంటల నుంచి 48కి పెంచారు, నైట్ ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించారు, 2025 జూలైలో కొన్ని, నవంబర్‌లో మిగతావి అమల్లోకొచ్చాయి. వెంటనే డిసెంబర్‌లో సర్వీసులు కుప్పకూలాయని ఇండిగోకి రాత్రి డ్యూటీ రూల్స్ నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు కూడా ఇచ్చారు, అది వేరే కథ. కంపెనీయే పైలట్‌ని డ్యూటీ కోసం ఇంకో ఊరికి ప్యాసింజర్‌గా పంపిస్తే ఆ టైమ్ లెక్కలోకొస్తుంది. అదే మనిషి తన ఇంటి నుంచి బేస్‌కి అంతే దూరం వస్తే ఆ గంటలు ఆయన సొంతం, రెస్ట్ కిందే లెక్క. సీటు అదే, మెడ నొప్పి అదే. 48 గంటల రెస్ట్‌లో హైదరాబాద్ పోవడానికి ఒక పూట, రావడానికి ఒక పూట తీసేస్తే మిగిలేదెంతో ఆ ఉత్తరం రాసినాయన లెక్కేసుకోవాలి.

ఇది మనకే ఉన్న బాధ కాదు. అమెరికాలో అయితే పైలట్లు ఒక రాష్ట్రంలో ఇల్లు, ఇంకో రాష్ట్రంలో బేస్ పెట్టుకుని విమానాల్లో డ్యూటీకి రావడం మామూలు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర ఒక చిన్న విమానం ఇంటి మీద పడి యాభై మంది చనిపోయారు, అందులో కోపైలట్ ముందు రాత్రంతా సియాటిల్ నుంచి మెంఫిస్ మీదుగా నెవార్క్‌కి ప్రయాణం చేసి వచ్చి డ్యూటీ ఎక్కింది, కెప్టెన్ ఇల్లేమో ఫ్లోరిడాలో. ప్రమాదానికి అసలు కారణం కెప్టెన్ విమానాన్ని తప్పుగా హ్యాండిల్ చేయడమే అని తేల్చారు, అలసట పనితీరుని దెబ్బతీసి ఉంటుంది గానీ ఎంత అని చెప్పలేమన్నారు. దాని తర్వాత చట్టం మార్చారు, 2014 నుంచి కొత్త రెస్ట్ రూల్స్ తెచ్చారు, కానీ ఇంటి నుంచి బేస్‌కి ప్రయాణం మీద మాత్రం వాళ్ళు కూడా లిమిట్ పెట్టలేకపోయారు. ఫిట్‌గా ఉన్నానని పైలటే సంతకం పెట్టాలి, అంతే. మన మంగళూరు సంగతి మర్చిపోయామా, 2010 మే 22, దుబాయ్ నుంచి రాత్రంతా వచ్చిన విమానం, 158 మంది పోయారు. అక్కడ ఇంటి ప్రయాణం గొడవ ఏం లేదు, కానీ కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని, గురక కూడా రికార్డయిందని, ల్యాండింగ్ వద్దు మళ్ళీ పైకి పోదామని కోపైలట్ మొత్తుకున్నా వినలేదని ఎంక్వైరీలో రాశారు. నిద్రమత్తు ఏం చేస్తుందో చెప్పడానికి రాశా.

తాగొచ్చాడేమో అని పైలట్ నోట్లో గొట్టం పెట్టి ఊదిస్తారు, మంచిదే. నిద్రపోయొచ్చాడా అని చూసే మిషన్ లేదు, కాబట్టి అడగాలి. అడిగితే నిజం చెప్పేలా ఉండాలి. అలసటగా ఉంది నడపలేను అని చెప్తే ఏమంటారో, ప్రమోషన్ ఆగుతుందేమో అని మా పై పిల్లలకి లోపల భయమే, ఒక్కొక్కడు ట్రైనింగ్‌కి కోటికి అటూ ఇటూ అప్పు చేసి వచ్చినోడు.

బెంగళూరుకే కాపురం మార్చొచ్చుగా అంటారు. మార్చొచ్చు, భార్య గచ్చిబౌలి ఉద్యోగం మానేసి, పిల్లలు స్కూలు మానేసి వచ్చాక కంపెనీ బేస్ కోల్‌కతాకి వేస్తే? మడివాళలో శుక్రవారం రాత్రి సొంతూళ్ళకి బస్సులెక్కే మనోళ్ళందరికీ అదే మాట చెప్పగలమా? సాఫ్ట్‌వేర్ వాడు సోమవారం కునికిపాట్లు పడితే మీటింగ్ పాడవుతుంది, అంతే తేడా.

నేనడిగేది పెద్దదేం కాదు. డ్యూటీకి ముందు రోజు వచ్చే పైలట్‌కి మిగిలితే సీటు అని కాకుండా కన్ఫర్మ్ సీటు ఇవ్వండి, ఒక సీటుకి కంపెనీ మునిగిపోదు. రాత్రి డ్యూటీ దిగినవాడికి ఎయిర్‌పోర్ట్ దగ్గరే పడుకోవడానికి ఉచితంగా ఒక గది, మంచం, చీకటి, సైలెన్స్ ఇవ్వండి, అప్పుడు మా మేడ అద్దె పోయినా ఫరవాలేదు. రిపోర్టింగ్ అప్పుడు, ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు, నిన్న ఎన్ని గంటలు పడుకున్నారు అని రాయించండి, రాసినందుకు శిక్ష లేకుండా. మీ రిపోర్టర్ ఎవరైనా డీజీసీఏ వాళ్ళని ఈ ఒక్క ప్రశ్న అడిగి జవాబు ప్రింట్ చేస్తే బాగుంటుంది: ఇంటి నుంచి బేస్‌కి వచ్చిన గంటలు రెస్ట్ ఎలా అవుతాయి?

ఇట్లు,
ఒక పాఠకుడు,
యలహంక, బెంగళూరు