గుండె లయకు మూలం గుండెలోనే

సంపాదకులకు నమస్కారం.

మెదడు ఆజ్ఞాపిస్తేనే గుండె కొట్టుకుంటుందని చాలామంది నమ్ముతున్నారు. ఈ అపోహ తొలగాలని నా కోరిక. కుడి కర్ణికలోని (గుండె పై గదిలోని) సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణజాలం తనంతట తానే నిమిషానికి సుమారు 100 సార్లు విద్యుత్ ప్రేరణలను పుట్టించగలదు. ఆ ప్రేరణ కర్ణికల గుండా సాగి, పై, కింది గదుల నడుమనున్న కర్ణికా జఠరికా కణుపు వద్ద సెకనులో పదో వంతు నెమ్మదించి, ఆ వ్యవధిలో రక్తంతో నిండిన జఠరికలను (కింది గదులను) సంకోచింపజేస్తుంది. నాడుల పని ఈ వేగాన్ని సవరించడమే: విశ్రాంతిలో, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో దానిని 70 దరిదాపులకు తగ్గిస్తుంది, పరుగులోనో భయంలోనో శరీరాన్ని చురుకుపరిచే సహానుభూత నాడులు పెంచుతాయి. మార్పిడి శస్త్రచికిత్సలో నాడులు తెగి, మరొకరిలో అమర్చిన గుండె సైతం ఆగకపోగా, విశ్రాంతిలోనూ కాస్త వేగంగానే కొట్టుకోవడం, నా దృష్టిలో, ఇందుకు అన్నింటికన్నా బలమైన సాక్ష్యం. మీ ఆరోగ్య పుటలో ఈ విషయాన్ని బొమ్మతో సహా వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు