లాభాల లెక్కతో పాటు మైట్ల సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటిపట్టున ఉండి నాలుగు రాళ్లు సంపాదించుకునే దారులంటూ మీరు వేసే వ్యాసాల్లో ఈ మధ్య పుట్టగొడుగుల పక్కన, చేపలకు మేతగా వేసే పురుగులైన మీల్‌వార్మ్‌ల పెంపకం కూడా చేరింది. పెట్టుబడి తక్కువ, వాసన ఉండదు, బాల్కనీ ఉంటే చాలు అంటున్నారు. కాదనను. చెన్నై కొళత్తూరులో నేను చేస్తున్నదీ అదే. మా చుట్టుపక్కల ఎటు చూసినా రంగు చేపల దుకాణాలే కాబట్టి, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరోవానా పెంచేవాళ్లకు ఈ పురుగులు ఎప్పుడూ కావాలి. కానీ ఆ వ్యాసాల్లో, ఈ ట్రేలకు పట్టే నలుసంత జీవులైన మైట్ల గురించి ఒక్క ముక్క ఉండదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఈ పని మొదలుపెట్టే ఆడవాళ్లకు ముందు చెప్పాల్సిందే అది.

ట్రే అంచున లేత గోధుమరంగు దుమ్ము పేరుకుంటుంది. మేతగా వేసిన గోధుమ పొట్టు పొడేమో అనుకుంటాం. ఆ దుమ్ము చిటికెడు తీసి నల్ల కాగితం మీద కుప్పగా పోసి కాసేపాగి చూడండి. కుప్ప తనంతట తనే పలచబడి పక్కలకు పాకిందంటే అది దుమ్ము కాదు, మైట్లు. ఒక్కొక్కటీ అర మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది. ఇవి మన పురుగుల రక్తం తాగే రకం కాదు. పొట్టును, దానికి పట్టిన బూజును తిని బతుకుతాయి. కాకపోతే రెండు మూడు వారాల్లోనే ఒక తరం తయారవుతుంది కాబట్టి ట్రే అంతా నిండిపోయి, మేత పాడై, పురుగులు నీరసించి చస్తాయి.

వీడియోల్లో అందరూ చెప్పే వైద్యం ఒకటే, ట్రే పొడిగా ఉంచండి అని. మైట్ల ఒంటికి తేమను కాపాడుకునే పొర సరిగ్గా ఉండదు, గాలిలో తేమ 60 శాతం కంటే బాగా తగ్గితే ఎండిపోతాయి. మీల్‌వార్మ్ మాత్రం పొడిలో హాయిగా ఉంటుంది. సూత్రం సరే, కార్తీక మాసం వానల్లో చెన్నైలో పొడి గాలి ఎక్కడ నుంచి తేవాలి? అనంతపురంలో మా చెల్లెలికి నా ట్రేలోంచే కొన్ని పురుగులిచ్చాను. దాని ఇంట్లో ఇంతవరకు మైట్ల మాటే లేదు. ఏసీ గదిలో పెట్టుకోండని ఒకాయన సలహా ఇచ్చాడు. పురుగులమ్మిన డబ్బు కరెంటు బిల్లుకైనా సరిపోవాలి కదా!

గాలిని ఎలాగూ మార్చలేం కాబట్టి మేత మీద దృష్టి పెట్టాలి. మైట్లు ఎక్కువగా వచ్చేది గోధుమ పొట్టుతోనే. అణ్ణాచ్చి కొట్లో, అంటే మా వీధి కిరాణా కొట్లో, నోరు తెరిచి ఉన్న గోనెసంచిలోంచి తూచి ఇచ్చే పొట్టును తెచ్చి నేరుగా ట్రేలో పోయకూడదు. ఓవెన్ ఉంటే పలచగా పరిచి 60 డిగ్రీలు దాటిన వేడిలో గంటసేపు ఉంచాలి. లేదంటే గట్టిగా మూతి కట్టిన కవర్లో డీప్ ఫ్రీజర్‌లో వారం పాటు ఉంచాలి. ఫ్రీజర్లోంచి తీశాక కవరు పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా విప్పొద్దు. తొందరపడి విప్పితే లోపల చెమ్మ పట్టి చేసిన పనంతా వృథా. ఆ తర్వాత గాలి చొరబడని డబ్బాలో పోసుకుని, కావలసినంతే తీసుకోవాలి.

క్యారెట్ ముక్క పొట్టు మీద కాకుండా చిన్న మూతలో పెట్టి, సాయంత్రానికి మిగిలింది తీసేయాలి. దోసకాయ మాత్రం వద్దు, అంతా నీరే. మన ఇళ్లలో చీమలు పట్టకుండా గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే, ట్రేలు పెట్టిన స్టాండు కాళ్లను సబ్బునీళ్ల గిన్నెల్లో ఉంచాలి, స్టాండు గోడకు ఆనకూడదు. ఉత్తి నీళ్లయితే డెంగీ దోమలు పెరుగుతాయి, కార్పొరేషన్ వాళ్లు వచ్చి చూస్తే అదో టెన్షన్.

ఇప్పటికే పట్టేసిన ట్రేలో అన్నిటినీ కాపాడాలని చూస్తే కుదరదు. మైట్లలో ఒక దశ ఉంది, దానికి నోరే ఉండదు. పొట్ట అడుగున ఉండే పీల్చుడు గిన్నెల్లాంటి వాటితో, మన పురుగులు పెరిగి మారే పెంకుపురుగులకు అతుక్కుని ఇంకో ట్రేకి ప్రయాణం చేస్తుంది. పొడిగాలికీ మందులకీ అంత తొందరగా లొంగదు. అందుకే పెద్ద పెంకుపురుగులను కొత్త ట్రేకి మార్చడం కంటే ప్యూపాలను, అంటే పెంకుపురుగుగా మారే ముందు మేత మానేసి ఉండే దశలోని వాటిని ఏరి, మెత్తని బ్రష్‌తో తుడిచి, శుభ్రమైన డబ్బాలో వేసి అక్కణ్ణుంచి కొత్తగా మొదలుపెట్టడం మేలు. పాత పొట్టును ఇంట్లో దులపకుండా కవర్లో కట్టి పారేయాలి. కవర్లోకి ఎత్తేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. ఈ మైట్ల వల్ల దురదలు, తుమ్ములు వస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ కష్టం. బియ్యం, పిండి డబ్బాలుండే వంటింట్లో ఈ ట్రేలు అసలే పెట్టొద్దు.

నేను ఇంతగా రాయడానికి కారణం చీమల మందు సుద్ద. ట్రే చుట్టూ ఒక గీత గీసేయండి, మైట్లు పోతాయని దుకాణాల్లో తేలిగ్గా చెప్పేస్తున్నారు. ఆ సుద్దల్లో ఉండేది సాధారణంగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందు. ఆ పొడి ట్రేలో పడితే ముందు చచ్చేది మన పురుగులే. బతికినవాటికి అంటుకుని చేపల తొట్టిలో పడితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఈ జాతి మందులు చేపలకు చాలా తక్కువ మోతాదులోనే విషం. వేలు పోసి అరోవానాను కొనుక్కున్న మనిషికి అది ఎందుకు చచ్చిందో కూడా తెలియదు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు లాభాల పట్టిక పక్కన తేమ, పొట్టు, మైట్ల గురించి కూడా కాస్త చోటివ్వండి. చెన్నై మాధవరంలోని పశువైద్య విశ్వవిద్యాలయంలో నిపుణులున్నారు, వాళ్లనడిగి రాస్తే ఇంకా మంచిది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం పాఠకులకూ మా గాలే కదా. ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే వేయగలిగితే ఈ ఏడాదికే పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొళత్తూరు, చెన్నై