రిపోర్టు నార్మలే, మరి ఆ దగ్గేమిటి?

సంపాదకులకు నమస్కారం.

మావాడికి ఇరవై రెండేళ్లు, విజయవాడలో హాస్టల్లో ఉంటున్నాడు. సంక్రాంతికి ఇంటికొస్తే పొద్దున లేవగానే ఒకటే దగ్గు, కళ్లె. గట్టిగా అడిగితే రెండేళ్ల నుంచి రోజుకు నాలుగైదు సిగరెట్లు తాగుతున్నానన్నాడు. ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి గొట్టంలోకి ఊదే పరీక్ష చేయిస్తే నార్మల్ అని వచ్చింది. ఇంకేముంది, ఆ కాగితం వాడికి లైసెన్సు అయి కూర్చుంది!

డాక్టరుగారు మాత్రం సంబరపడొద్దన్నారు. మాది కృష్ణా డెల్టాలో శివారు ఊరు కాబట్టి ఆయన చెప్పింది నాకు చప్పున అర్థమైంది. పైన పెద్ద కాలువ నిండుగా పారుతూనే ఉంటుంది, కింద పిల్లకాలువల్లో తూడు పేరుకుని మా చేలకు చుక్క రాదు. ఊపిరితిత్తుల్లోనూ అంతే, రెండు మిల్లీమీటర్లు కూడా లేని సన్నటి గొట్టాలు వేలల్లో ఉంటాయి, పొగ దెబ్బ ముందు వాటికే తగులుతుంది, అలాంటివి చాలా దెబ్బతిన్నా ఊదే పరీక్షలో అంత తేడా కనపడదు. అమెరికాలో హఠాత్తుగా చనిపోయిన యువకుల ఊపిరితిత్తులు కోసి చూస్తే, పొగతాగినవాళ్ల సన్నటి గొట్టాల్లో అప్పటికే వాపు కనిపించిందని 1974లోనే రాశారు. గొట్టాల లోపల కళ్లెను పైకి నెట్టే సన్నటి నూగు ఉంటుంది, అది పొగకి మందగిస్తుంది, పొద్దుటి దగ్గు అందుకే. ఈ వయసులో మానేస్తే చాలావరకు కోలుకుంటుందనీ అన్నారు, నాకు ఊరటనిచ్చిన మాట అదొక్కటే.

ఇక అసలు సంగతి. విద్యాసంస్థలకు వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదని 2003 నుంచీ చట్టముంది. మావాడి కాలేజీ గేటు నుంచి బడ్డీకొట్టుకి నేను అడుగులేసి చూశాను, నలభై దాటలేదు. అక్కడ పెట్టె కొనేవాడే లేడు, అందరూ విడిగా ఒకటీ రెండూ తీసుకుని, తాడుకు వేలాడే లైటరుతో అంటించుకుపోతున్నారు. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయించి ఏం లాభం, అది కొట్టువాడికి తప్ప ఎవరికీ కనపడనప్పుడు? మానాలనుకునేవాళ్ల కోసం ఉచిత ఫోన్ నంబరు కూడా ఆ పెట్టె మీదే ఉంటుంది. కనీసం మీ పేపర్లోనైనా అప్పుడప్పుడూ వేయండి: 1800-11-2356.

– ఒక తండ్రి, కృష్ణా జిల్లా