ప్రకృతి వేటలో తెంపడం వద్దు, చూడటం కావాలి

సంపాదకులకు నమస్కారం,

పార్కుల్లో, చెరువు గట్ల మీద, సముద్ర తీరాల్లో పిల్లలూ పెద్దలూ కలిసి ఆడే ప్రకృతి ట్రెజర్ హంట్‌ల గురించి ఈ లేఖ. చేతికో కాగితం ఇస్తారు, అందులో రాసినవన్నీ వెతుక్కుంటూ తిరగాలి. ఈ ఆటంటే నాకు చాలా ఇష్టం. సెలవు రోజు పొద్దున్నే నాలుగు కుటుంబాలు టీవీ కట్టేసి చెట్ల కింద తిరుగుతున్నాయంటే అంతకంటే ఏం కావాలి! కానీ చాలాచోట్ల దాన్ని నడిపే పద్ధతి చూస్తే బాధేస్తుంది. పర్యావరణం పేరు పెట్టుకుని ఆడిన ఆట అయ్యాక ఆ చోటు ముందుకంటే బోసిపోయి ఉంటే ఇక ఆ పేరెందుకు?

జాబితా ఎలా ఉంటుందో చూడండి. అయిదు రకాల ఆకులు, మూడు రంగుల పూలు, ఒక ఈక, ఒక గవ్వ, కుదిరితే పక్షి గూడు, అన్నీ సంచిలో వేసుకుని ముందు తెచ్చినవాళ్లకు ఫస్ట్ ప్రైజ్. ఒక్క పిల్లవాడు ఒక పువ్వు కోస్తే ఏమీ కాదు, నిజమే. అదే కాగితం వందమంది చేతిలో ఉండి, వందమందీ ఒకే గంటలో ఒకే పొదల మీద పడితే? పైగా పందెం పెట్టాం కాబట్టి పిల్లలు పరిగెత్తుతారు, ఆకు చేతికందగానే తెంపి పక్కదానికి వెళ్లిపోతారు, దాన్ని ఒక్క క్షణం కూడా తేరిపార చూడరు. అది పిల్లల తప్పు కాదు. మనం పెట్టిన నియమమే వాళ్లచేత అలా చేయిస్తోంది.

గూడు ఖాళీగా కనిపించినంత మాత్రాన పక్షి దాన్ని వదిలేసిందని అనుకోకూడదు, తల్లి మేతకు వెళ్లి ఉండొచ్చు, గుడ్లు ఇంకా పెట్టకపోయి ఉండొచ్చు. ఒడ్డున దొరికే ఖాళీ గవ్వల్లో కొన్ని రకాల పీతలు కాపురం పెడతాయి, వాటికి సొంత గుల్ల ఉండదు. పడిపోయి పుచ్చిపోతున్న కొమ్మ మనకు చెత్తలా కనిపిస్తుంది కానీ దాని బెరడు కింద జెర్రులు, చెదలు, పెంకుపురుగులు, బూజు, పుట్టగొడుగులు ఎన్నో బతుకుతుంటాయి. రాయి ఎత్తి చూడటంలో తప్పులేదు, పెద్దవాళ్లు పక్కనుండి ఎత్తాలి, చూశాక మళ్లీ అలాగే మెల్లగా పెట్టాలి. ఈ చివరి మాట ఏ జాబితాలోనూ కనిపించదు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ఈ వేటలో పిల్లలు ఇంటికి తేవాల్సింది చెత్త మాత్రమే. మిగతావన్నీ చూసి, ఫొటో తీసి, లేదా పెన్సిల్‌తో బొమ్మ గీసి అక్కడే వదిలెయ్యాలి. టైమ్ పందెం తీసెయ్యాలి. బహుమతి ఇవ్వాలనుకుంటే ఎవరూ గమనించనిదాన్ని గమనించిన పిల్లకివ్వండి, అది కూడా ప్లాస్టిక్ బొమ్మ కాకుండా చూడండి. దారి చూపడానికి చెట్లకు కట్టే ప్లాస్టిక్ రిబ్బన్లు, బెలూన్లు కూడా వద్దు, వాటిని తర్వాత ఎవరూ విప్పరు.

జాబితా ఇంటర్నెట్‌లోంచి దించుకుని పంచిపెట్టడం కూడా మానాలి. ఆ చోట ఏముందో ముందురోజు నడిచి చూసినవాళ్లే దాన్ని రాయాలి. చెట్ల గురించి తెలిసిన తోటమాలి ఒకరు, పక్షులను గమనించే అలవాటున్నవాళ్లు ఒకరు, గంటసేపు తిరిగితే చాలు. గులాబీ పొదల దగ్గర ఆగి ఆకుల అంచులు చూడండి, కొన్ని ఆకులకు కత్తెరతో కత్తిరించినంత నున్నగా గుండ్రటి ముక్క పోయి ఉంటుంది. గొంగళిపురుగు తింటే అంచు అంత శుభ్రంగా రాదు. అది ఆకులు కత్తిరించే ఒక రకం తేనెటీగ పని, ఆ ముక్కను మోసుకెళ్లి కన్నంలో చుట్టి అందులో పుప్పొడి ముద్ద పెట్టి గుడ్డు పెడుతుంది. తేనెపట్టు కట్టే తేనెటీగల్లా గుంపుగా ఉండదు, ఒంటరిది, పూలకు పరాగం మోసే మంచి కూలీ. చాలామంది ఆకులకు పడ్డ ఆ కోతలు చూసి చీడ పట్టిందని మందు కొట్టేస్తారు. "గుండ్రంగా కత్తిరించిన ఆకును వెతకండి, తెంపకండి" అని ఒక్క లైను రాస్తే ఆ పిల్లలు జీవితాంతం ఆ మొక్క మీద మందు కొట్టనివ్వరని నా నమ్మకం.

చెట్ల బెరడు మీద బూడిదాకుపచ్చ మరకల్లా ఉండే లైకెన్ కూడా అంతే. అది ఒకే ఒక్క ప్రాణి కాదు, శిలీంధ్రమూ (బూజు జాతి) శైవలమూ (నాచు జాతి) కలిసి చేసే కాపురం. దానికి వేర్లుండవు, కావాల్సింది చాలావరకు గాలిలోంచి, వానలోంచి తీసుకుంటుంది, అందుకే గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ అనే కాలుష్య వాయువు పెరిగితే చాలా రకాలు బతకలేవు. కుచ్చులుగా, పొదలా పెరిగే రకాలు ముందు మాయమవుతాయి. రద్దీ రోడ్డు పక్క చెట్టునూ పార్కు లోపలి చెట్టునూ పక్కపక్కన పెట్టి చూడమంటే పిల్లలే తేడా పట్టుకుంటారు, ఎందుకు అని వాళ్లే అడుగుతారు. గాలి కాలుష్యం మీద ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఆ ప్రశ్న రాదు.

కళ్లతో చూసేవే కాకుండా వినేవి, వాసన చూసేవి కూడా పెట్టండి. రెండు వేర్వేరు పక్షి కూతలు, నలిపితే వాసన వచ్చే నేలరాలిన ఆకు, వాన పడ్డాక మట్టి వాసన. చూపు లేనివాళ్లు, నడవలేని పెద్దవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు కూడా ఆడగలగాలి. అందరికీ అందని ఆటను ఊరి ఆట అని ఎలా అంటాం?

ఇక చెత్త సంగతి. ఏరడంతో పని అయిపోదు, ఏం ఏరామో రాయాలి. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో స్వచ్ఛంద కార్యకర్తలు చెత్త ఏరుతూ ఏ వస్తువు ఎన్ని దొరికాయో కార్డుల మీద రాసుకున్నారు, అదే ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఏటా జరిగే తీర శుభ్రత కార్యక్రమంగా పెరిగింది. లెక్క ఉంటేనే చెత్త ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. సిగరెట్ పీకనే తీసుకోండి. దూదిలా కనిపిస్తుంది కాబట్టి మట్టిలో కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఆ ఫిల్టర్ చేసేది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో. ఒకే బెంచీ చుట్టూ వందలు దొరికితే అక్కడ ఒక డబ్బా పెట్టాలని అర్థం. గాజుముక్కలు, సూదులు మాత్రం పిల్లలు ముట్టకూడదు, అవి పెద్దవాళ్లు గ్లౌజులు వేసుకుని తీయాలి.

అదే కాగితంలో ఇంకో రెండు గళ్లు పెట్టమంటాను: మేకులు కొట్టిన చెట్టు, మొదలు చుట్టూ సిమెంటు పోసేసిన చెట్టు. మొదలును ఆనుకుని కాంక్రీటు వేస్తే వేర్లకు నీళ్లూ గాలీ అందవు, లావెక్కడానికి చోటూ ఉండదు. ఇలాంటివి ఎక్కడెక్కడున్నాయో ఆ పూట పిల్లలు గుర్తించి ఇచ్చిన కాగితాలను పురపాలక అధికారులు చెత్తబుట్టలో వెయ్యకుండా తీసుకోవాలి. ఏ చెట్టు దగ్గర సిమెంటు తీశారో నెల తర్వాత అదే పార్కు గేటు దగ్గర రాసిపెట్టాలి. పిల్లలు చేసిన పనికి పెద్దవాళ్ల నుంచి జవాబు రాకపోతే వాళ్లు మళ్లీ ఎందుకు వస్తారు?

ఫోన్ వద్దనే పట్టుదల నాకు లేదు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో ఫొటో పెడితే ఎక్కడో ఉన్న నిపుణులు కూడా పేరు చెబుతారు, నలుగురు సరిచూసిన సమాచారం పరిశోధకులకు పనికొస్తుంది. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాలు ఎవరు ఎక్కువ జీవులను గుర్తిస్తారో చూద్దామని మొదలుపెట్టిన పోటీ 2018 నుంచి ప్రపంచ నగరాలన్నిటికీ తెరుచుకుంది. అక్కడ కూడా పోటీ ఉంది, కానీ లెక్కలోకి వచ్చేది తెంపిన పువ్వు కాదు, తీసిన ఫొటో. అయితే ఒక జాగ్రత్త. అరుదైన మొక్క, గుడ్లున్న గూడు కనబడితే చోటు బయటపెట్టకండి. ప్రమాదంలో ఉన్న జాతులకు ఆ యాప్ తనంతట తానే చోటును మసకగా చూపిస్తుంది, కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవానికి ఏటా మొక్కలు నాటుతున్న నాయకుల ఫొటోలు వేస్తున్నారు. ఈసారి ఆ స్థలంలో పాఠకులు కత్తిరించుకుని తీసుకెళ్లేలా ఒక వెతుకులాట జాబితా వెయ్యండి, పిల్లలు నింపి పంపిన కాగితాల్లోంచి కొన్ని తర్వాతి వారం ప్రచురించండి, పక్కనే వాటికి అధికారుల సమాధానం కూడా అడిగి వెయ్యండి. జాబితా రాయడానికి మనుషులు కావాలంటే నేను వస్తాను, నాలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు